జర్మనీలో పోలీసులు ఆపి కాగితాలు అడిగితే: ఏది చూపించాలి, ఏది చెప్పాలి?

ప్రశ్న: సార్, నేను జర్మనీలో ఎంఎస్ చదువుతున్నాను, డ్రెస్డెన్‌లో ఉంటాను. పోయిన శనివారం రాత్రి రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్ పని ముగించుకుని రూమ్మేట్‌తో కలిసి మెయిన్ స్టేషన్‌కి వచ్చాను. ప్లాట్‌ఫామ్ నిండా జనం ఉన్నారు. ఫెడరల్ పోలీసులు నేరుగా మా ఇద్దరి దగ్గరికే వచ్చి పాస్‌పోర్ట్ అడిగారు. అది రూమ్‌లో ఉండిపోయింది. నా రెసిడెన్స్ పర్మిట్ గడువు కిందటి నెలతో అయిపోయింది. రెన్యువల్‌కి ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేశాను కానీ ఇంకా అపాయింట్‌మెంట్ రాలేదు. ఫోన్‌లో ఉన్న ఫొటోలు చూపించాను. వివరాలు రాసుకుని, బ్యాగ్ చూసి, వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడి, కాసేపటికి వదిలేశారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాస్‌పోర్ట్ ఎప్పుడూ వెంట పెట్టుకుని తిరగాలా? మమ్మల్నే ఎందుకు ఆపారని అడగొచ్చా? ఇది రికార్డుకెక్కి రేపు వీసాకి అడ్డం వస్తుందా? ఇంట్లో చెబితే ‘పరాయి దేశంలో గొడవలెందుకు, ఊరుకో’ అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది పర్మిట్ సంగతి. గడువు తీరకముందే అప్లై చేశానన్నారు కాబట్టి ఊపిరి పీల్చుకోండి. జర్మనీ రెసిడెన్స్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం, గడువులోపు రెన్యువల్ అడిగినవాళ్ల పాత పర్మిట్, దరఖాస్తు మీద నిర్ణయం వచ్చేదాకా చెల్లుతున్నట్టే లెక్క. పని చేసుకునే హక్కు కూడా దానితోపాటే కొనసాగుతుంది. ఫారినర్స్ ఆఫీస్ వాళ్లు అపాయింట్‌మెంట్‌కి నెలలు తీసుకున్నా ఆ ఆలస్యం మీ నెత్తిన పడదు. దీనికి రుజువుగా వాళ్లిచ్చే కాగితాన్నే అక్కడి మనవాళ్లు ‘ఫిక్షన్’ అంటుంటారు, పూర్తి పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. హక్కు మీకు దరఖాస్తుతోనే వచ్చేసింది. కానీ రాత్రిపూట ప్లాట్‌ఫామ్ మీద పోలీసాయనకి 81వ సెక్షన్ విడమర్చి చెప్పడం కన్నా ఆ కాగితం చేతిలో పెట్టడం తేలిక. అందుకే ఇవాళే ఫారినర్స్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి అది అడగండి. అది వచ్చేదాకా మీ ఆన్‌లైన్ దరఖాస్తు రసీదుని, తేదీ కనిపించేలా ప్రింట్ తీసి, పాత కార్డుతో కలిపి పెట్టుకోండి.

ఆ తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. గడువు దాటాక అప్లై చేసి ఉంటే కథ పూర్తిగా వేరు. పర్మిట్ లేకుండా ఉండటం అక్కడ నేరం, ఏడాది దాకా జైలుశిక్ష కూడా రాసి ఉంది. కొద్దిపాటి ఆలస్యాన్ని మన్నించి పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు ఆఫీస్ ఉత్తర్వు ఇవ్వొచ్చు గానీ అది వాళ్ల చేతిలోని పని. అలాంటి పరిస్థితి అయితే పోలీసుల మీద ఫిర్యాదు సంగతి పక్కన పెట్టి ముందు లాయర్ దగ్గరికి వెళ్లండి.

ఇక పాస్‌పోర్ట్. చెల్లే పాస్‌పోర్ట్ మీకు ఉండాలి, అధికారులు అడిగితే చూపించాలి, ఇవ్వమంటే ఇవ్వాలి. చట్టం చెప్పేది ఇంతే. పాల ప్యాకెట్ కోసం వెళ్లినా జేబులో ఉండాల్సిందే అన్న రూలు లేదు. కాకపోతే, మీ దగ్గర లేనప్పుడు మీరెవరో తేల్చుకునే అధికారం పోలీసులకు ఉంటుంది. రూమ్ దాకా వెంట రావచ్చు, పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లొచ్చు. కేవలం గుర్తింపు కోసమే అయితే 12 గంటలకు మించి ఉంచకూడదు. ఫోన్‌లోని ఫొటోకి చట్టంలో విలువ లేదు గానీ, సిస్టమ్‌లో మీ పేరు వెతకడానికి పనికొస్తుంది. ఆ రాత్రి మీ పని త్వరగా అయింది కూడా బహుశా అందువల్లే. ఫొటోలు తీసేయకండి.

అయితే మీ ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది, మీరు దాన్ని పట్టించుకున్నట్టు లేదు. మీరు రెస్టారెంట్‌లో పని చేస్తున్నారు. రెస్టారెంట్లు, హోటళ్లు, నిర్మాణం, బిల్డింగ్ క్లీనింగ్, రవాణా, లాజిస్టిక్స్ లాంటి రంగాల్లో డ్యూటీలో ఉన్నంతసేపు ఒరిజినల్ పాస్‌పోర్ట్ దగ్గర ఉండి తీరాలి. దొంగచాటు కొలువులను అరికట్టే చట్టంలో ఉన్న రూలు ఇది. తనిఖీకి వచ్చేది మామూలు పోలీసులు కారు, కస్టమ్స్ శాఖ వాళ్లు. వంటగదిలోకి నేరుగా వచ్చేస్తారు. పాస్‌పోర్ట్ లేకపోతే 5,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు. మన విద్యార్థులు చాలామంది ప్లాస్టిక్ రెసిడెన్స్ కార్డు ఉంటే చాలనుకుంటారు. ఆ కార్డు మీకు ఉండే హక్కు ఉందని చెబుతుంది, పాస్‌పోర్ట్‌కి బదులు కాదు. అంటే ఆ శనివారం మీరు స్టేషన్‌లో కన్నా రెస్టారెంట్‌లోనే ఎక్కువ ఇబ్బందుల్లో ఉన్నారన్నమాట.

సరిహద్దు దాటితే కూడా ఒరిజినల్ తప్పదు. 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ దగ్గరే కదా అని ఒక జత బట్టలతో బస్సెక్కేస్తారు, తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. నెదర్లాండ్స్‌లో 14 ఏళ్లు, బెల్జియంలో 15 ఏళ్లు నిండినవాళ్లు అడిగినప్పుడు అక్కడికక్కడే గుర్తింపు చూపించాలి. రూమ్‌లో ఉంది అంటే అక్కడ కుదరదు.

పోలీసులు అడిగే ప్రశ్నల్లో కొన్నిటికి జవాబు చెప్పి తీరాలి. పేరు, పుట్టిన తేదీ, ఊరు, చిరునామా, పౌరసత్వం లాంటివి నిజమే చెప్పాలి. చెప్పకపోయినా, అబద్ధం చెప్పినా 1,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎవరిని కలిశావు, బ్యాగ్‌లో డబ్బు ఎవరిది వంటివాటికి జవాబు చెప్పకుండా ఉండొచ్చు. అది కూడా మర్యాదగానే చెప్పండి. మీ మీద ఏదైనా నేరం అనుమానిస్తున్నామని అంటే ఇక అసలు విషయం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకండి. మౌనంగా ఉండే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఫోన్ పిన్ చెప్పాల్సిన బాధ్యత మామూలు తనిఖీలో లేదు. బ్యాగ్ మాటకొస్తే, మీరెవరో వేరే దారిలో తేలనప్పుడు వెతకొచ్చని చట్టం అంటుంది. మీ దగ్గర ఒరిజినల్ ఏదీ లేదు కాబట్టి ఆ రాత్రి వాళ్లకు ఆ వీలు చిక్కింది. ఇష్టం లేకపోతే అడ్డుపడకుండా ‘ఇష్ బిన్ దామిట్ నిష్ట్ ఐన్‌ఫెర్‌ష్టాండెన్’ అనండి, దీనికి నేను ఒప్పుకోవడం లేదని. చేయి అడ్డం పెడితే మాత్రం అది వేరే కేసవుతుంది.

మిమ్మల్నే ఎందుకు ఆపారన్నది అడగొచ్చు, అడగాలి కూడా. స్టేషన్లలో, రైళ్లలో అక్రమ ప్రవేశాన్ని ఆపే పేరుతో ఎవరినైనా కాసేపు ఆపి కాగితాలు అడిగే అధికారం ఫెడరల్ పోలీసులకు ఉంది. రాష్ట్ర పోలీసులకైతే నేరాలు ఎక్కువని గుర్తించిన చోట్ల ఇలాంటి వెసులుబాటు ఉంటుంది. బెర్లిన్‌లో కొట్‌బుసర్ టోర్, గోర్లిట్సర్ పార్క్ అలాంటివే. కానీ ఒంటి రంగు చూసి మనిషిని ఎంచుకునే అధికారం ఎవరికీ లేదు. రాజ్యాంగం 3వ అధికరణ దాన్ని నిషేధించింది. రైల్లో నల్లజాతి విద్యార్థి ఒకరిని రంగు చూసే ఆపానని పోలీసాయన కోర్టులోనే చెప్పేశాడు. 2012 అక్టోబర్‌లో కోబ్లెంట్స్‌లోని పైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 2018లో బోఖుమ్ స్టేషన్ కేసులో మ్యూన్‌స్టర్ పైకోర్టు ఇంకో అడుగు వేసింది. రంగు ఒక్కటే కారణం కాకపోయినా, కారణాల్లో అది ఒకటైనా, అందుకు గట్టి ఆధారం పోలీసులే చూపించాలంది.

మనకు ఇంకా దగ్గరి కేసు బసు వర్సెస్ జర్మనీ. భారత మూలాలున్న జర్మన్ పౌరుడు 2012లో కూతురితో కలిసి చెక్ వైపు నుంచి వచ్చే రైల్లో ఉండగా పోలీసులు ఆపారు. అక్కడి కోర్టులు తనిఖీ ఎప్పుడో ముగిసిపోయింది కదా అంటూ లోతుకు పోకుండానే కొట్టేశాయి. పదేళ్లకు, 2022 అక్టోబర్ 18న, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు జర్మనీని తప్పుపట్టింది. వివక్ష ఆరోపణ మీద నిజాయితీగా విచారణ జరపకపోవడమే హక్కుల ఉల్లంఘన అంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ కోర్టు విచారణ లోపాన్ని తప్పుపట్టింది గానీ, పోలీసులు రంగు చూసే ఆపారని తేల్చలేదు. పదేళ్లు పట్టిందన్నదీ మర్చిపోకండి.

మీ కేసులో జనం మధ్య మీ ఇద్దరినే ఎంచుకోవడం బలమైన అంశమే. అదొక్కటే సరిపోదు. జరిగింది మనసులో చెరిగిపోకముందే రాసి పెట్టుకోండి: టైమ్, ప్లాట్‌ఫామ్ నంబర్, పక్కన ఎవరున్నారు, పోలీసులు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. రూమ్మేట్‌ని విడిగా రాయమనండి, ఇద్దరూ కూర్చుని ఒకే కథ కుదుర్చుకోకండి. మళ్లీ ఎప్పుడైనా ఆపితే పోలీసు పేరో సర్వీస్ నంబరో అడగండి. గబుక్కున ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టడం మనకు అలవాటైపోయింది గానీ, జర్మనీలో నలుగురికీ వినిపించేలా కాకుండా ఆడిన మాటను అనుమతి లేకుండా రికార్డు చేయడం నేరం. పోలీసుల విషయంలో అది ఎంతవరకు వర్తిస్తుందన్నదాని మీద కోర్టులు తలో మాట అంటున్నాయి. బాధితుడిగా మొదలై నిందితుడిగా తేలడం ఎందుకు?

ఫెడరల్ పోలీసుల మీద ఫిర్యాదులు చూడటానికి 2024 నుంచి పార్లమెంటు నియమించిన పోలీస్ కమిషనర్ ఉన్నారు. ఉత్తరం రాస్తే చాలు. మీ యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో ఉచిత న్యాయ సలహా దొరుకుతుందేమో అడగండి. ఆదాయం తక్కువైతే స్థానిక కోర్టు నుంచి బెరాటుంగ్స్‌హిల్ఫె అనే సలహా పత్రం తీసుకుంటే లాయర్ దగ్గర మీరు పెట్టుకోవాల్సింది 15 యూరోలే.

వీసా భయం వదిలేయండి. తనిఖీ జరగడం నేరం కాదు. జర్మనీ ఇచ్చే పోలీస్ క్లియరెన్స్‌లో ఎక్కేది కోర్టు శిక్షలు. పోలీసుల మీద ఫిర్యాదు చేశారన్న కారణంతో పర్మిట్ ఆపడానికి చట్టంలో చోటు లేదు. మీ గురించి ఏం రాసుకున్నారో తెలుసుకోవాలంటే డేటా రక్షణ చట్టం కింద ఉచితంగా అడగొచ్చు. ఇంట్లోవాళ్ల మాట కొంతవరకు నిజమే, ప్లాట్‌ఫామ్ మీద గొడవ వద్దు. కానీ ఫిర్యాదు గొడవ కిందికి రాదు. ఫిక్షన్ కాగితం చేతికొచ్చాక పెట్టండి, అది నా సలహా.

ఎప్పుడైనా నిజంగా అరెస్టు దాకా వస్తే, 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ కింద మన ఎంబసీకి తెలియజేయమని అడిగే హక్కు ఉంది. బెర్లిన్‌లో ఎంబసీ, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్‌లలో కాన్సులేట్లు ఉన్నాయి.

చివరగా మీ లెటర్‌బాక్స్. షేరింగ్ ఫ్లాట్‌లో ఉంటే దాని మీద మీ పేరు ఉందో లేదో ఈ పూటే చూసుకోండి. ఇల్లు మారితే రెండు వారాల్లో కొత్త చిరునామా నమోదు చేయించాలి. చాలామంది చేయించరు. ఆ రాత్రి తనిఖీ మీద ఏదైనా ఉత్తరం వస్తే మీరిచ్చిన చిరునామాకే వస్తుంది. అధికారికంగా అందజేసే పసుపుపచ్చ కవర్‌లో వస్తే, కవర్ మీద పోస్ట్‌మ్యాన్ వేసిన తేదీ నుంచే గడువు మొదలవుతుంది. మీరు తెరిచి చదివారా లేదా అన్నది ఎవరూ చూడరు. జరిమానా ఉత్తర్వు మీద అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే టైమ్. నిందితుడిగా పిలుస్తూ పోలీసుల నుంచి నోటీసు వస్తే మీ అంతట మీరు సంజాయిషీ రాసి పంపకండి. ఆ ఉత్తరాన్నీ, కవర్‌నీ కూడా పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి.