కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్, పెల్లెట్లు, సేబోలు వాడొచ్చా?

మీకు లాటరీ డ్రాలో కొలరాడో మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు, గుండు నింపే తుపాకీ) సీజన్‌లో ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడే లైసెన్సు వచ్చింది. చేతిలో .50 కాలిబర్ (అర అంగుళం బ్యారెల్ రంధ్రం) ఇన్‌లైన్ గన్ (మందుకు సరిగ్గా వెనకే ప్రైమర్ పేలే ఆధునిక రకం), దాని మీద గురి చూసే దుర్భిణి లాంటి స్కోప్, పెట్టెలో పౌడర్‌ని బిళ్లలుగా చేసిన పెల్లెట్లు, ప్లాస్టిక్ తొడుగున్న సేబో బుల్లెట్లు ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్లొచ్చని వేరే రాష్ట్రంలో ఉండే మీ మిత్రుడు అన్నారని, అది నిజమేనా అని అడిగారు. గన్ తీసుకెళ్లండి. మిగతా మూడూ ఇంట్లో పెట్టేయండి.

నేను డెన్వర్ దగ్గర ఉంటాను, సెప్టెంబర్‌లో ఇలాంటి గన్‌తోనే వేటకు వెళ్తాను. ఇక్కడ ఇన్‌లైన్, 209 ప్రైమర్ (మందును అంటించే చిన్న క్యాప్) రెండూ చెల్లుతాయి. ఎల్క్‌కి కనీసం .50 కాలిబర్ ఉండాలి, మీది సరిపోతుంది. స్కోప్ మాత్రం ఏ రకమైనా కుదరదు, బ్యాటరీతో వెలిగే సైట్ అసలే కుదరదు. ఫైబర్ ఆప్టిక్ చుక్కలున్న ఐరన్ సైట్లు (అద్దం లేని మామూలు గురి గుర్తులు) పెట్టుకోవచ్చు. నలభై దాటిన కళ్లకు వెనక సైట్ మసకగా కనిపిస్తుంది. నాకూ అంతే, అందుకే చిన్న రంధ్రంలోంచి చూసే, అద్దం లేని పీప్ సైట్ బిగించుకున్నాను. చాలా హాయిగా ఉంది.

పౌడర్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. పెల్లెట్లు నిషేధం కాబట్టి లూజ్ పౌడర్ కొలిచి పోయాలి. బ్లాక్ పౌడర్‌కి బదులు పైరోడెక్స్ లాంటివి వాడితే తక్కెడలో తూచకండి, ఘనపరిమాణం కొలిచే ఇత్తడి గొట్టంతోనే కొలవండి. అవి బ్లాక్ పౌడర్ కంటే తేలిక కాబట్టి, బరువు లెక్కన పోస్తే మందు ఎక్కువైపోతుంది. నేను ఇంట్లోనే కొలిచి చిన్న ట్యూబుల్లో నింపుకుంటాను, చలికి వేళ్లు వణికినా ఒలకదు. స్మోక్‌లెస్ పౌడర్ (ఆధునిక తూటాల్లో వాడే మందు) ఈ సీజన్‌లో నిషేధం. మామూలు మజిల్‌లోడర్‌లో అది పోస్తే బ్యారెల్ పేలి ప్రాణం మీదికొస్తుంది.

సేబో అంటే సన్నటి బుల్లెట్‌కి తొడిగే ప్లాస్టిక్ తొడుగు. అది లేకుండా బ్యారెల్‌కి సరిపడే లావు సీసపు కోనికల్ (మొన తేలిన బుల్లెట్) తీసుకోండి. దాని పొడవు వ్యాసానికి రెట్టింపు దాటకూడదు. లోపలి గాడులు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మీ ఇన్‌లైన్ బ్యారెల్‌కి కోనికల్ బాగా నప్పుతుంది, గుండ్రటి గుండు అంత బాగా పోదు. సైట్లు, పౌడర్, బుల్లెట్ అన్నీ మారుతున్నాయి కాబట్టి పాత జీరో (గురి సర్దుబాటు) పనికిరాదు. రేంజ్‌లో మొదటి నుంచీ సరిచూసుకోండి.

ఈ నిబంధనలు నాకు ఇష్టం. సెప్టెంబర్‌లో మగ ఎల్క్‌లు జత కోసం అరుస్తుంటాయి, గాలివాటం చూసుకుని నడిస్తే వంద గజాల లోపు దొరుకుతాయి. స్కోప్ ఉంటే రెండు వందల గజాల నుంచి కాల్చాలనిపిస్తుంది. ఆ దూరంలో బరువైన కోనికల్ బాగా కిందికి జారుతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. అది నేను చూడలేను.

మీ మిత్రుడి మాట తప్పు కాదు, ఆయన రాష్ట్రంలో అవన్నీ చెల్లుతుండొచ్చు. రాష్ట్రానికో రూలు ఉంటుంది. యూటాలో 2024 నుంచి మజిల్‌లోడర్ వేటలో పెద్దది చేసి చూపే స్కోపులు తీసేశారు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాతి సీజన్‌కి చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాకే కావాలి, మీ ఇన్‌లైన్ అక్కడ చెల్లదు. ఐడహో మజిల్‌లోడర్ వేటలోనూ 209 ప్రైమర్ ఒప్పుకోరు. కొలరాడోలోనే రైఫిల్ సీజన్ లైసెన్సు మీద మజిల్‌లోడర్ పట్టుకెళ్తే ఈ స్కోప్, సేబో నిషేధాలు వర్తించవు. కాబట్టి స్కోప్ అమ్మేయకండి.

అదే నెలలో విల్లుతో వేటాడేవాళ్లూ అడవిలో ఉంటారు. వాళ్లకు ఆరెంజ్ దుస్తులు తప్పనిసరి కాదు, మనకు తప్పనిసరి: ఫ్లోరెసెంట్ ఆరెంజ్ లేదా పింక్ 500 చదరపు అంగుళాలు, తలమీద కూడా. బండి ఎక్కే ముందు ప్రైమర్ తీసేయండి. ప్రైమర్ తీస్తేనే చట్టం దాన్ని లోడ్ చేయని గన్‌గా చూస్తుంది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు కావాలి, అది జేబులో పెట్టుకోండి. బయల్దేరే ముందు కొలరాడో వన్యప్రాణి శాఖ ఈ ఏడాది బిగ్ గేమ్ (పెద్ద జంతువుల వేట) బ్రోషర్‌లో మజిల్‌లోడర్ పేజీ ఒకసారి చదవండి, రూల్స్ ఏటా మారే వీలుంది.