పెనం కనిపించే చోట కూర్చోండి

"జనవరిలో పది రోజులు న్యూయార్క్ వెళ్తున్నాను. అక్కడి పాతకాలపు డైనర్లలో అసలైనవి ఎలా కనిపెట్టాలి? పర్యాటకుల కోసం ముస్తాబు చేసినవి వద్దు" అని మీరు అడిగారు. డైనరంటే కౌంటరు ముందు కూర్చుని తినే చిన్న హోటలు. జాబితాలు కావాలంటే ఫోను తీస్తే వంద దొరుకుతాయి. వాటిని రాసేవాళ్లలో సగం మంది పగలు పదకొండింటికి లేచి వెళ్లి, ఫొటో తీసుకుని, ప్లేటులో సగం వదిలేసి వచ్చేవాళ్లే. డైనర్ సంగతి రాత్రి పని చేసినవాణ్ణి అడగాలి. నేను 2004 నుంచి నాలుగేళ్లు జెర్సీ సిటీలో ఉంటూ, మాన్‌హట్టన్ దక్షిణపు కొసన ఒక బ్యాంకు కంప్యూటర్లకు రాత్రి కాపలా కాశాను. కాపలా అంటే కాపలాయే. ప్రోగ్రాము ఆగిపోతే లేపి నడిపించడం, ఆగకపోతే ఎప్పుడు ఆగుతుందోనని కూర్చోవడం.

2006 ఫిబ్రవరి 11, శనివారం సాయంత్రం డ్యూటీకి వెళ్లాను. మర్నాడు మధ్యాహ్నం దాకా మంచు కురిసింది. సెంట్రల్ పార్కులో దాదాపు 27 అంగుళాలు కొలిచారట. 1869లో లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి అప్పటికి అదే రికార్డు. ఇదంతా తరువాత పేపర్లో చదివింది. ఆ ఉదయం నాకు తెలిసినవి మూడే: ఆరింటికి నన్ను విడిపించవలసిన మనిషి రాలేదు, ఏడున్నరకు ఫోను చేసి ఇక రానన్నాడు, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర రాత్రి పన్నెండింటికే అయిపోయింది. తొమ్మిదింటికి మా మేనేజరు దయతలచి, ఇంటి నుంచి తనే చూసుకుంటానని నన్ను వెళ్లమన్నాడు.

బయటకు వస్తే వీధి లేదు. కార్లు ఉండవలసిన చోట తెల్లటి గుట్టలున్నాయి. తెనాలి దగ్గర పుట్టినవాడికి మోకాలి లోతు మంచులో నడవడం ఎవరు నేర్పుతారు? నాట్లప్పుడు బురదలోంచి కాలు పెరికి వేసినట్టు, ఒక్కో అడుగూ పెరుక్కుంటూ స్టేషన్ వైపు బయలుదేరాను. పెద్ద కంపెనీల కాఫీ దుకాణాలన్నీ తలుపులు వేసుకుని ఉన్నాయి. రెండు వీధులు దాటాక మూల మీద ఒక డైనర్‌లో మాత్రం దీపం వెలుగుతోంది. అద్దాలకు ఆవిరి పట్టి లోపలి మనుషులు నీడల్లా కదులుతున్నారు. ఏడాదిన్నరగా దాని ముందు నుంచే రోజూ నడిచాను కానీ లోపల కాలు పెట్టలేదు. నేను గుడ్డు దాకా వచ్చి ఆగిపోయినవాణ్ణి. అక్కడ ఏ మాంసం పెడతారోనని ఒక భయం, ఎలా అడగాలో తెలియదని ఇంకో భయం. రెండో భయమే పెద్దది.

కౌంటరు ముందు గుండ్రటి స్టూలు మీద కూర్చున్నానో లేదో, అరవై దాటిన ఒక పెద్దావిడ నా ముందు బోర్లించి ఉన్న మందపాటి కప్పును తిప్పి కాఫీ పోసేసింది. అడగడాలు లేవు. చేతికి మెనూ ఇచ్చింది. అది మెనూ కాదు, పంచాంగం. పన్నెండు పేజీలు, ప్రతి పేజీకీ ప్లాస్టిక్ తొడుగు, పాన్‌కేకుల నుంచి చేపల వేపుడు దాకా, మధ్యలో గ్రీకుల పాలకూర పై. బెదిరిపోయి "రెండు గుడ్లు" అన్నాను. అక్కడితో గండం గడిచిందనుకున్నాను.

"ఎలా వేయించమంటావు, బంగారం?"

ఎలాగేమిటి? మా ఇంట్లో గుడ్డంటే ఉడకబెట్టింది లేదా అట్టు. ఆవిడ ఓపికగా చెప్పుకుపోయింది. తిరగేయకుండా పచ్చసొన కనిపించేలాగానా, తిరగేసి సొన కారేలాగానా, సగం గట్టిపడేలాగానా, పూర్తిగా గట్టిగానా, కలియబెట్టి పొడిపొడిగానా? రొట్టె తెల్లదా, గోధుమదా, రై పిండిదా? బంగాళాదుంపలు ముక్కలా, తురుమా? డిగ్రీలో మౌఖిక పరీక్షకు కూడా నాకంత చెమట పట్టలేదు. చివరికి "అమ్మా, మీ ఇంట్లో పిల్లలకు ఎలా వేసి పెడతారో అలా ఇప్పించండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, వెనక్కి తిరిగి వంటవాడికి రెండే మాటలు కేకేసింది.

అప్పుడు చూశాను పెనాన్ని. భోజనాల బల్లంత ఇనుప పెనం, నాకు నాలుగడుగుల దూరంలో. ఎడమ వైపు ఉల్లిపాయలతో కలిపిన బంగాళాదుంపల గుట్ట మెల్లగా ఎర్రబడుతోంది. వంటవాడు అవసరమైనంత మేరకే గుట్టలోంచి విడదీసి, మంట ఎక్కువున్న చోటికి లాగుతున్నాడు. రెండు చేతుల్లో రెండు గుడ్లు, ఒకేసారి పగిలాయి, ఒక్క పెంకు ముక్కా పడలేదు. ఇంకెవరివో నాలుగు పాన్‌కేకులు పక్కనే ఉబ్బుతున్నాయి. అట్లకాడతో గీరడం, తుడవడం, నూనె రాయడం, మళ్లీ పోయడం. ఆరుగురి పలహారం అతని బుర్రలో ఉంది, కాగితం వైపు చూడటమే లేదు. అతను మెక్సికోలోని పుయెబ్లా నుంచి వచ్చాడని తరువాత తెలిసింది. న్యూయార్క్ వంటగదుల్లో సగం ఆ ఒక్క రాష్ట్రం వాళ్లే నడుపుతున్నారని నా గట్టి నమ్మకం, లెక్క అడగకండి.

తిన్నాను. బిల్లు అయిదు డాలర్ల చిల్లర. జేబులో చూస్తే కార్డు ఉంది, రైలు టికెట్టు ఉంది, నగదు లేదు. అక్కడ నగదే తీసుకుంటారు. గల్లాపెట్టె తలుపు పక్కన ఉంటుంది, దాని వెనుక ముక్కు మీదికి కళ్లజోడు జారిన గ్రీకు యజమాని. విషయం చెప్పాను.

"రేపు ఇవ్వు" అన్నాడు.

"రేపు నాకు సెలవు."

"అయితే ఎల్లుండి ఇవ్వు. ఈ మంచులో ఎక్కడికి పారిపోతావు?"

పైగా దారిలో తాగమని ఒక కాగితపు కప్పులో కాఫీ పోసి చేతిలో పెట్టాడు. మంగళవారం డబ్బు తీసుకుని వెళ్తే కృతజ్ఞతలూ లేవు, కరచాలనమూ లేదు. "ఆ రోజు నలుగురికి అప్పు పెట్టాను. నువ్వు రెండోవాడివి" అని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. మిగతా ఇద్దరూ ఇచ్చారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తరువాత రెండేళ్లు నా ఉదయపు టిఫిన్ అక్కడే.

ఆ కాగితపు కప్పు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నీలం, తెలుపు రంగులు, అంచున గ్రీకు నగిషీ, మధ్యలో "మీకు సేవ చేయడం మాకు సంతోషం" అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాట. నగరంలోని డైనర్లు చాలావరకు గ్రీకు వలసదారుల చేతుల్లో ఉండేవి కాబట్టి, వాళ్లకు నచ్చాలని 1960లలో లెస్లీ బక్ అనే ఆయన వేసిన బొమ్మ అది. ఆయన గ్రీకు కాదు, చెకొస్లొవాకియా నుంచి వచ్చిన యూదు. నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడినవాడు. కప్పు మీది కూజాను 'ఆంఫొరా' అనాలి. ఆయన యాసలో అది 'ఆంథొరా' అయి, కప్పుకు ఆ పేరే స్థిరపడింది. మన యాసను వెక్కిరించినప్పుడల్లా నాకు ఆ కప్పు గుర్తొచ్చేది.

ఇక మీ ప్రశ్న. డైనర్ పుట్టిందే రాత్రి పనివాళ్ల కోసం. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండిలో రొట్టెలు, ఉడికించిన గుడ్లు, కాఫీ పెట్టుకుని, పత్రికా కార్యాలయం దగ్గర రాత్రిపూట అమ్మేవాడు. బండి పెరిగి రైలు పెట్టె ఆకారంలో హోటలైంది. వాటిని కార్ఖానాల్లో, ముఖ్యంగా న్యూజెర్సీలో, తయారు చేసి రోడ్డు మీదో రైలు మీదో తెచ్చి దింపేవారు. అలా మోసుకురావాలంటే వెడల్పు పెరగకూడదు. అందుకే పొడుగ్గా, ఇరుగ్గా ఉంటాయి. అందుకే వంట చాటున దాగదు, కౌంటరు వెనకే నడుస్తుంది. నా దృష్టిలో అర్ధరాత్రి దాటాక తలుపు మూసేది డైనరే కాదు. ఈ లెక్కన ఇప్పుడు మిగిలినవి బహు కొద్ది. 2020 తరువాత చాలా చోట్ల రాత్రి తెరవడం మానేశారు. రాత్రి డ్యూటీలు మాత్రం ఎవరూ మానలేదు.

2007 వేసవిలో మా నాన్న వచ్చారు. రోజూ హోటలు టిఫిన్‌తోనే పొద్దు మొదలుపెట్టిన మనిషి. తీసుకెళ్లి బూత్‌లో, అంటే ఎదురెదురు సీట్ల మధ్య బల్ల ఉన్న చోట, మెత్తటి సీటు చూపిస్తే కూర్చోలేదు. "పెనం కనిపించే చోట కూర్చుందాం" అని కౌంటరు ముందు స్టూలెక్కారు. పది నిమిషాలు వంటవాణ్ణి కన్నార్పకుండా చూసి, "ఇతను మన గాంధీచౌక్ దోసె మాస్టారికి మేనల్లుడై ఉంటాడు" అన్నారు. తరువాత జేబులోంచి పొట్లం తీసి బంగాళాదుంపల మీద కారప్పొడి చల్లుకున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దావిడ మాత్రం వేలితో అద్దుకుని రుచి చూసి, గ్లాసుడు నీళ్లు తాగి, ఇంకొంచెం అడిగింది. ఆయన వెళ్లిపోయాక కూడా నెలల తరబడి "మీ నాన్న ఎలా ఉన్నారు, పొడి పంపించారా?" అని కలిపే అడిగేది.

కనుక నాన్న పద్ధతే నా పద్ధతి. కౌంటరు లేకపోతే వచ్చేయండి. కౌంటరు ఉండి, దాని ముందు ఒంటరిగా వచ్చిన మనుషులు పేపరు చదువుకుంటూ కూర్చుంటే మంచి గుర్తు. బంగాళాదుంప ముక్కలన్నీ ఒకే కొలతలో పాచికల్లా ఉంటే సంచిలోంచి వచ్చినవని అర్థం. అడ్డదిడ్డంగా ఉండి అంచులు మాడితే చేత్తో కోసినవి. రెక్సిన్ సీటు చిరిగినచోట పట్టీ అతికించి ఉందా? చాలా మంచిది. గళ్ల నేల, గులాబీ రంగు నియాన్ దీపాలు, పాటల పెట్టె, గోడ మీద పాత సినిమా తారలు ఉన్నాయంటే ఆ పాతదనం మొన్న కొని తెచ్చి తగిలించింది. నిజంగా పాతవి అందంగా ఉండవు. గోధుమరంగులో, కొంచెం జిడ్డుగా, మీరెవరైనా పట్టనట్టు ఉంటాయి.

పేర్లు చెప్పమంటే, మాన్‌హట్టన్‌లోని ట్రైబెకా పేటలో స్క్వేర్ డైనర్ చూడండి, రైలు పెట్టె ఆకారం ఇంకా నిలిచి ఉంది. ఆకాశహర్మ్యాల కాళ్ల మధ్య మరుగుజ్జులా నిలబడ్డ పెర్ల్ డైనర్ నా ఆఫీసు ఉన్న వైపే. లెక్సింగ్టన్ అవెన్యూ, 83వ వీధి మూలన లెక్సింగ్టన్ క్యాండీ షాప్ 1925 నాటిది. ఇప్పటికీ కోకాకోలాను పాకం, సోడా నీళ్లు కలిపి ఇస్తారు. బ్రాడ్వే, 112వ వీధిలోని టామ్స్ రెస్టారెంట్ ముఖభాగం ఒక టీవీ హాస్య ధారావాహిక వల్ల ప్రపంచమంతా తెలుసు, అందుకే బయట ఫొటోలు తీసుకునేవాళ్లు ఎక్కువ. 1946 నాటి ఎంపైర్ డైనర్‌ను బయట నుంచి చూసి ఆనందించండి. లోపలి ధరలు నా బోటి రాత్రి కాపలావాళ్ల కోసం కాదు. మూన్‌డాన్స్ అని ఒకటుండేది, 2007లో దాన్ని లారీ మీదికెక్కించి వయోమింగ్ రాష్ట్రానికి తీసుకుపోయారు. మన దగ్గర హోటలు మూసేస్తే పేరు పోతుంది. అక్కడ హోటలే వెళ్లిపోయింది.

నిజానికి డైనర్లకు కంచుకోట నది అవతలి న్యూజెర్సీ. క్లిఫ్టన్‌లో టిక్ టాక్ డైనర్ మీద "బాగా మెక్కండి" అన్నట్టు రాసి ఉంటుంది, రూట్ 3 మీద పోతూ చూడవచ్చు. అదే రాష్ట్రంలోని ఎడిసన్ అనే ఊరి చుట్టుపక్కల వేలాదిగా ఉన్న మనవాళ్లు ఇలాంటివి పది దాటుకుంటూ బిర్యానీ కోసం నలభై మైళ్లు కారు నడుపుతారు, పైగా అమెరికాలో తిండి చప్పన అంటారు. నాతో పనిచేసిన మిత్రుడొకడు ఇండియాకు తిరిగొచ్చే రోజుకు కూడా గుడ్డు ఎలా అడగాలో నేర్చుకోలేదు.

మీరు పూర్తి శాకాహారులైతే ఒక హెచ్చరిక. ఆ పెనం ఒక్కటే. మీ బంగాళాదుంపలు వేగిన చోటే అంతకుముందు పంది మాంసం వేగి ఉంటుంది. పట్టింపు ఉంటే పాలకూర పై, రొట్టె, పండ్లతో సరిపెట్టుకోండి. పప్పు సూప్‌లో మాంసం ఉందా అని రెండుసార్లు అడగండి. శని, ఆదివారాలు పదింటి తరువాత వెళ్లకండి, తాపీగా లేచిన జనం వీధి చివరిదాకా వరుస కడతారు. మామూలు రోజున ఉదయం ఏడింటికి వెళ్లండి. వడ్డించిన మనిషికి బిల్లులో అయిదో వంతు వదిలి రండి, దాని మీద గొణగకండి.

నా డైనర్ ఇప్పుడు లేదు. అద్దె రెట్టింపు చేశారని 2011లో మూసేశాడని, యజమాని ఫ్లోరిడాలో కూతురి దగ్గర ఉంటున్నాడని పాత సహోద్యోగి చెప్పాడు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా జేబులో ఒక ఇరవై డాలర్ల నోటు ఉంచుకోండి. అప్పు పెట్టే ఆయన ఆ ఊళ్లో లేడు.