బెల్లం బదులు అతిమధురం

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నా వయసు 54. ఆరేళ్ళుగా రోజుకో బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను. ఎప్పుడు చూపించుకున్నా 130/80 దగ్గరే ఉండేది. మూడు నెలల క్రితం ఫోన్లో ఒక వీడియో చూసి, పొద్దున్నే పరగడుపున కషాయం కాచుకుని నేనూ మావారూ తాగడం మొదలుపెట్టాం. తులసి, మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క, గోడ మీది తిప్పతీగ వేస్తాను. ఆయనకు షుగర్ కదా, బెల్లం బదులు అతిమధురం పొడి వేస్తున్నాను. ఇప్పుడు నా బీపీ 160/100 ఉందట. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. డాక్టరు బిళ్ళ డోసు పెంచారు. కషాయం సంగతి ఆయనకు చెప్పలేదు, అదేం మందు కాదు కదా అని. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సామర్లకోట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'బెల్లం బదులు' అన్న దగ్గర ఆగిపోయాను. నాకు అనుమానం దాని మీదే.

అతిమధురం మంచి మూలికే. యష్టిమధువు అంటాం. గొంతు బొంగురుపోతే ఆ పుల్ల ముక్క బుగ్గన పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. నాలుగు రోజులకైతే పేచీ లేదు. కానీ దానికి ఆ తీపినిచ్చే గ్లైసిరైజిన్ అనే పదార్థం రోజూ ఒంట్లోకి పోతే మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. బీపీ పెరగడం, పాదాలు వాయడం, పిక్కలు పట్టేయడం, మూడూ దానికి సరిపోతున్నాయి. మీరు వేసుకునే బిళ్ళ నీరు లాగే రకమైతే పొటాషియం ఇంకా పడిపోతుంది. గుండె లయ తప్పే ప్రమాదమూ ఉంది.

కాబట్టి కషాయం ఈరోజే ఆపండి. బీపీ బిళ్ళ మాత్రం ఆపకండి. ఆ పొడి పొట్లాం తీసుకెళ్ళి డాక్టరుకు చూపించి, మూడు నెలలుగా తాగుతున్నానని చెప్పండి. ఆయన పొటాషియం పరీక్ష రాస్తారు. అతిమధురం మానేసినా దాని ప్రభావం పోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అప్పుడు బీపీ దిగితే, పెంచిన డోసు ఎక్కువవుతుంది. అందుకే మళ్ళీ వెళ్ళి చూపించుకోండి.

'మందు కాదు కదా' అన్నారు. మా అమ్మ కూడా ఇదే మాట అనేది. నేను ఆయుర్వేదం చదివి కూడా ఆవిడ మాటకు తలూపాను. షుగర్ బిళ్ళ వేసుకుంటూనే పొద్దున మెంతుల నీళ్ళు, ఆపైన కాకరకాయ రసం తాగేది. ఒకరోజు పూజగదిలో చెమటలు పట్టి కూలబడింది. వేలు గుచ్చి చూస్తే 58. నైవేద్యానికి పెట్టిన బెల్లం ముక్కే గబగబా నోట్లో పెట్టాను. ఆవిడ లేచి కూర్చున్నాక మొదట తిట్టింది నన్నే, నైవేద్యం ఎంగిలి చేశానని.

తిప్పతీగ గురించి కూడా ఒక మాట. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. దాన్ని పోలిన వేరే తీగను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ శాఖ అంది. మీ గోడ మీది తీగ ఏదో తెలిసినవాళ్ళు చూసి చెబితే తప్ప దాన్ని గిన్నెలో వేయకండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మిగతావాటికి భయపడక్కర్లేదు. మిరియాలు చారులో వేసుకోండి. మొదటి ముద్దలో చిటికెడు శొంఠి పొడి, నెయ్యి కలుపుకోండి. పోపులపెట్టె కొలత దాటనంత వరకు వాటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు.

అన్నట్టు, మీ వారూ అదే గ్లాసు తాగుతున్నారు కదా. ఆయన బీపీ ఎంతుందో మీరు రాయలేదు. మీతోపాటు ఆయన్ని కూడా తీసుకెళ్ళండి.