ఎంబ్రాయిడరీ నేర్చుకోడానికి ఆర్‌డీ మూసేయాలా?

నరసరావుపేట నుంచి ఒక మేడం రాశారు. వాళ్ళాయన జీతం 38 వేలు, ఇద్దరు పిల్లలు, 2022 చివర్లో మొదలుపెట్టిన పోస్టాఫీసు ఆర్‌డీ నెలకి 2 వేలు (నెలనెలా కట్టి ఐదేళ్ళకి తీసుకునే పొదుపు). పిల్లలు స్కూలుకెళ్ళాక చేతి ఎంబ్రాయిడరీ నేర్చుకోవాలని ఎప్పట్నుంచో కోరికట. పక్కింటావిడేమో మగ్గం వర్క్ క్లాసులో చేరిపో, నెలనెలా సంపాదించుకోవచ్చు అంటోంది, ఫీజు, స్టాండు, పూసలు, జరీ అన్నీ కలిపి 22 వేలవుతాయట. ఆర్‌డీ మూసేసి కట్టనా, కార్డు మీద ఈఎంఐ పెట్టనా, అసలు సంపాదన లేని పనికి ఖర్చు పెట్టడం తప్పా అని అడిగారు.

తప్పేం లేదండి, తప్పకుండా నేర్చుకోండి, కానీ ఆర్‌డీ ముట్టుకోవద్దు, ఈఎంఐ అసలే వద్దు. మూడేళ్ళు దాటాయి కాబట్టి పోస్టాఫీసు వాళ్ళు మూసేయనిస్తారు, కాకపోతే అప్పుడు మీకొచ్చేది సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే. మీరు మొదలుపెట్టినప్పటి రేటు 5.8, అంటే ఇన్నాళ్ళూ కట్టినదాని మీద రావాల్సిన వడ్డీలో దాదాపు మూడో వంతు వదిలేసుకున్నట్టే. ఇక నో కాస్ట్ ఈఎంఐ అన్నా సరే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కార్డు బిల్లులో వచ్చి కూర్చుంటాయి.

అసలు మీరు అడిగింది చేతి ఎంబ్రాయిడరీ, ఆవిడ చెప్పేది మగ్గం. మగ్గానికి గుడ్డని పెద్ద ఫ్రేముకి బిగించి కొన కొక్కెంలా ఉండే ఆరి సూదితో కుట్టాలి, అది ఎక్కువగా పెళ్ళి జాకెట్ల పని. మీ కోరికకి 6 అంగుళాల చెక్క రింగు, సూదుల ప్యాకెట్టు, నాలుగైదు రంగుల యాంకర్ దారాలు, చిన్న కత్తెర చాలు, అన్నీ 500 లోపే వచ్చేస్తాయి. గుడ్డ కొనక్కర్లేదు, ఇంట్లో పాత కాటన్ దుప్పటి ఉంటే దాని మీదే కాడ కుట్టు, గొలుసు కుట్టు, లేజీ డైజీ వేసి చూడండి. యాంకర్ దారం లడి ఒక్కోటి 8 మీటర్లు, అందులో ఆరు పోగులుంటాయి, సన్నటి పనికి రెండు పోగులే విడదీసి వాడతారు కాబట్టి ఒక్క లడి 24 మీటర్లకి సరిపడా వస్తుంది. మూరెడు కంటే పొడుగు కత్తిరించొద్దు, చిక్కుపడి నూగు లేచి దారం వేస్టవుతుంది. ఇంత నిదానంగా ఖర్చయ్యే హాబీ కాబట్టే నాకు ఇది చాలా ఇష్టం, పాలు, కూరగాయల లెక్క రాసుకునే పుస్తకంలోనే మీ పేరు మీద నెలకి 300 రాసుకోండి, దాచుకుని కాదు, ఆయనకి చెప్పే. ఇంట్లో అందరికీ ఏదో ఒక సొంత ఖర్చు ఉన్నప్పుడు మీకెందుకు ఉండకూడదు?

ఆర్నెల్లు కుట్టాక కూడా చెయ్యి ఆగట్లేదు, సంపాదించాలనే ఉంది అంటే అప్పుడు మగ్గం గురించి ఆలోచిద్దాం. అప్పుడైనా 22 వేలు కట్టే ముందు మీ జిల్లాలో బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం ఆర్‌సెటీలో కనుక్కోండి, గ్రామీణ యువతకి అక్కడ శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా వాళ్ళదే, ఎంబ్రాయిడరీ బ్యాచ్ ఎప్పుడు ఉంటుందో, మీ వయసుకి, మీ ఏరియాకి అవకాశం ఉందో లేదో వాళ్ళే చెప్తారు. ఇంకో లెక్క కూడా ముందే వేసుకోవాలి. జాకెట్టు చేతులకి 800 తీసుకుని, అందులో 200 పూసలకీ దారాలకీ పోయి, పన్నెండు గంటలు పట్టిందనుకోండి, గంటకి 50 మిగిలినట్టు. దానికి కళ్ళు, నడుము నొప్పి పెట్టుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం, కానీ పక్కింటావిడ చెప్పే సంపాదన మాత్రం గంటల్లో లెక్కేసి చూడండి.

ఆర్‌డీ 2027 చివర్లో పూర్తవుతుంది, దానికి రెండు నెలల ముందు పిల్లలు ఏ క్లాసులో ఉన్నారో చెప్తూ మళ్ళీ రాయండి, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో అప్పుడు చూద్దాం.