సిఫార్సు దగ్గరే ఆగిపోకు
విజయవాడ

తమ్ముడికి,

గుంటూరు స్పిన్నింగ్ మిల్లుల గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మొదటి వాక్యంలోనే "కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం విధించింది" అన్నావు. డంపింగ్ దిగుమతులు మన పరిశ్రమను దెబ్బతీయకుండా వేసే అదనపు పన్ను అది. నీ చేతిలో ఉన్నది డీజీటీఆర్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్) సిఫార్సు మాత్రమే. వాణిజ్య శాఖ కింద పనిచేసే ఆ సంస్థ విచారణ చేసి సిఫార్సు ఇస్తుంది. సుంకం వేయాలో వద్దో తేల్చేది ఆర్థిక శాఖ. నోటిఫికేషన్ వచ్చేదాకా కస్టమ్స్ వాళ్లు రూపాయి కూడా వసూలు చేయరు.

ఇది చిన్న తేడా అనుకోకు. చైనా, ఇండోనేషియాల నుంచి వచ్చే విస్కోస్ ఫైబర్ (కలప గుజ్జుతో చేసే, నూలు తీసే పీచు) మీద సుంకం కొనసాగించమని 2021లో డీజీటీఆర్ చెప్పింది. ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు, ఆగస్టులో సుంకం ఎత్తేసింది. సిఫార్సు చూసి రాసేసినవాళ్లు పాఠకుడికి సరిగ్గా ఉల్టా సంగతి చెప్పినట్టయింది.

ఇంకో మాట. చవగ్గా అమ్మితే అది డంపింగ్ అయిపోదు. సొంత దేశంలో నూరు రూపాయలకు అమ్మే సరుకును మనకు ఎనభైకి ఇస్తే అది డంపింగ్. అప్పుడైనా సుంకం పడాలంటే మన పరిశ్రమకు నష్టం జరిగిందనీ, అది ఆ దిగుమతుల వల్లేననీ తేలాలి. పన్నెండు రూపాయల సుంకంతోనే నష్టం తీరుతుందనుకుంటే ఇరవై వేయరు, పన్నెండే వేస్తారు.

సిఫార్సుతో పాటు డీజీటీఆర్ ఇచ్చే తుది నివేదిక నువ్వే తెరిచి చదువు, ప్రెస్ నోట్ చాలదు. కంపెనీల ఖర్చుల పట్టికల్లో అంకెలు ఉండాల్సిన చోట మూడేసి నక్షత్రాలు కనిపిస్తాయి, వ్యాపార రహస్యం కాబట్టి. కంగారు పడకు. దాని కిందే ఇండెక్స్ వరస ఉంటుంది. మొదటి ఏడాదిని 100 అనుకుని తర్వాతి ఏళ్లలో ఎంత పెరిగిందో, తగ్గిందో చూపిస్తారు. కథంతా ఆ వరసలోనే దొరుకుతుంది.

నీ వ్యాసంలో నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. ఫైబర్ తయారీదారు గోడు రెండు పేరాలు రాశావు. ఆ ఫైబర్ కొని నూలు తీసే మన మిల్లు మాట ఒక్కటీ లేదు. దేశంలో విస్కోస్ ఫైబర్ తయారీ దాదాపు ఒకే సంస్థ చేతిలో ఉంది. దిగుమతికి అడ్డుకట్ట వేస్తే మిల్లువాడికి బేరమాడే దారి ఉండదు. నూలు ధర పెంచుదామంటే మగ్గాలవాళ్లు కొనరు. ముడిసరుకు మీద సుంకం వేసేముందు ఈ చివర ఉన్నవాళ్ల లెక్క కూడా చూడాలన్నది నా గట్టి నమ్మకం. 2020 బడ్జెట్‌లో పాలిస్టర్ ముడిసరుకైన పీటీఏ మీద సుంకం ప్రజా ప్రయోజనం పేరుతోనే తీసేశారు. అలాగని తయారీదారు భయం ఉత్తదని రాయకు. ఇక్కడి ఫ్యాక్టరీ మూతపడితే రేపు బయటివాడు చెప్పిందే రేటు.

ఈ వారం ఒక మిల్లుకి వెళ్లు. కొనుగోళ్లు చూసే ఆయన్ని కలిసి కిలో ఫైబర్ ఎంతకు కొన్నారో, కిలో నూలు ఎంతకు అమ్మారో నెలలవారీగా పక్కపక్కన రాసుకో. నివేదికలో వినియోగదారుల, అంటే ఫైబర్ కొనే మిల్లుల, అభ్యంతరాల భాగం కూడా చదివి, మొదటి వాక్యం మార్చి, వ్యాసం మళ్లీ పంపు.

మీ అన్నయ్య