నాలుగు రాజధానులకి అప్పెందుకు? వియన్నా ఒక్కటీ దాచుకున్న డబ్బుతో చూసి రండి

ప్రశ్న: మాది విజయనగరం. నేను ఇంటి దగ్గర పిల్లలకి వయొలిన్ నేర్పుతాను, నెలకి 14 వేల దాకా వస్తాయి. మావారి జీతం చేతికి 68 వేలు. పాపకి పదకొండేళ్లు. సొంతిల్లు, అప్పుల్లేవు. పాప ఫీజు, అత్తమామల మందులు, ఇంటి ఖర్చులు పోను నెలకి 20 వేలు మిగులుతాయి. అత్యవసరానికని 5 లక్షలు ఎఫ్‌డీలో ఉంచాం. అది కాక ప్రయాణానికని నేను 2.6 లక్షలు పోగేశాను. 2027 మార్చిలో ఆస్ట్రియా రాజధాని వియన్నా చూడాలన్నది నా కోరిక. ట్రావెల్ ఏజెంటు పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా కలిపి ఎనిమిది రోజులకి ముగ్గురికీ 6.9 లక్షలు చెప్పారు. నా దగ్గరున్నది కట్టేస్తే మిగతాది 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ అట. 'అంత దూరం వెళ్లి ఒక్క ఊరేనా, కావాలంటే నీ గాజులు బ్యాంకులో పెడదాం' అంటున్నారు మావారు. ఏం చేయమంటారు? వెళితే తక్కువ ఖర్చులో అక్కడ ఏమేం చూడొచ్చు?

జవాబు: వెళ్లండి. మీరు కోరుకున్న ఊరికే, మీరు కోరుకున్న నెలలోనే వెళ్లండి. ఈఎంఐ వద్దు, గాజుల జోలికి అసలే పోవద్దు.

ముందు ఆ ఈఎంఐ సంగతి. 6.9 లక్షల్లో మీ 2.6 లక్షలు తీసేస్తే 4.3 లక్షలు. 24 నెలలకి పంచితే నెలకి దాదాపు 17,900. మీ మిగులు 20 వేలు కాబట్టి పైకి సరిపోయినట్టే కనిపిస్తుంది. నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. ఊరి నుంచి తిరిగొచ్చాక కూడా నెలకి రెండు వేలతో నెట్టుకు రావాలి. ఈలోగా పాప హైస్కూలు ఫీజో, పెద్దవాళ్లకి ఒక ఆసుపత్రి బిల్లో వచ్చిందంటే ఎఫ్‌డీ విరగ్గొట్టక తప్పదు. 'నో కాస్ట్' అన్న మాట చూసి మురిసిపోకండి. మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని ఏజెంటుని అడగండి. వడ్డీ చాలాసార్లు ఆ తగ్గింపులోనే దాగి ఉంటుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరు.

ఇంత కట్టాక, ఎనిమిది రోజుల్లో నాలుగు రాజధానులంటే వియన్నాకి దక్కేది ఒకటిన్నర రోజు. మిగిలిన సమయం బస్సులోనూ, పెట్టెలు సర్దడంలోనూ పోతుంది. వయొలిన్ నేర్పే మీకు వియన్నాలో కావలసింది సాయంత్రాలు. ప్యాకేజీలు ఎక్కువగా కోసేసేది ఆ సాయంత్రాలనే.

నా లెక్క ఇది. వియన్నా ఒక్కటే, ఆరు రాత్రులు. యూరోని 110 రూపాయలుగా వేసుకున్నాను. ముగ్గురికి హైదరాబాద్ నుంచి విమానం, దారిలో ఒకచోట మారి వెళ్లేలా, 1.8 లక్షలు. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ రాత్రికి 110 యూరోల చొప్పున 72,600. వీసా, ఇన్సూరెన్స్ కలిపి 32 వేలు. తిండికి రోజుకి 70 యూరోల చొప్పున ఏడు రోజులకి 53,900. ఊళ్లో తిరగడానికి 11 వేలు, కచేరీలకీ మ్యూజియాలకీ 27,500. చలి బట్టలు, బూట్లు 15 వేలు. ఇవన్నీ 3.92 లక్షలు. అనుకోని ఖర్చులకి ఇంకో 38 వేలు పక్కన పెడితే మొత్తం 4.3 లక్షలు.

మీ దగ్గర 2.6 ఉంది, తక్కువ పడేది 1.7. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలలు నెలకి 19 వేల ఆర్‌డీ కడితే 1.71 లక్షలు. ఈఎంఐలో రెండేళ్లు కట్టబోయిన డబ్బే ఇదీ, కాకపోతే తొమ్మిది నెలలకే ఆగిపోతుంది. మార్చిలో విమానం ఎక్కేటప్పటికి మీరు ఎవరికీ బాకీ ఉండరు. ఈ డబ్బుని మాత్రం షేర్లలోనో ఈక్విటీ ఫండ్లలోనో పెట్టకండి. ఏడాదిలోపు కావలసిన డబ్బుకి అది చోటు కాదు.

తేదీలు చాలా ముఖ్యం. 2027లో ఈస్టర్ మార్చి 28న వచ్చింది. ఈస్టర్ వారంలో గదుల ధరలు పెరుగుతాయి. అందుకే మార్చి 13 శనివారం దిగి 19న బయల్దేరమంటాను. ఈస్టర్ సంతలు పండక్కి రెండు వారాల ముందే తెరుస్తారు కాబట్టి అవి మీకు దొరుకుతాయి. ఫ్రయుంగ్ అనే పాత చౌకులో రంగులద్దిన గుడ్లు రాశులు పోసి ఉంటాయి. షోన్‌బ్రున్ రాజభవనం ముందరా సంత ఉంటుంది. చూడ్డానికి పైసా ఖర్చు లేదు, పాపని వెనక్కి లాక్కురావడమే కష్టం. శనివారం ఎందుకు చెప్పానంటే, ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రం ఆరులోపే బియ్యం, కూరగాయలు, పాలు కొని పెట్టుకోవాలి. కారప్పొడులు, ఆవకాయ ఇక్కణ్ణించి పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు వద్దు. యూరప్‌లోకి బయటి పాల ఉత్పత్తులనీ, సర్టిఫికెట్ లేని ఆకులనీ రానివ్వరు.

మార్చి మధ్యలో అక్కడ పగలు పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగొచ్చు. మన ఊళ్లో వాడని ఉన్ని కోట్లకి వేలు పోయకండి. లోపల థర్మల్స్, పైన గాలి దూరని జాకెట్ ఒకటి చాలు. బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, రోజంతా నడక ఉంటుంది.

ఇక మీరు నిజంగా అడిగిన విషయం. సంగీతం కోసం వెళ్లేవాళ్లకి వియన్నా ఖరీదైన ఊరు కాదు. ఖరీదు పెంచేది తెలియకపోవడం. స్టెఫాన్స్ గుడి చుట్టూ, ఒపేరా వీధిలో, మోజార్ట్ కాలం నాటి విగ్గులు, ఎర్ర కోట్లు వేసుకున్న కుర్రాళ్లు కచేరీ టికెట్లు అమ్ముతూ ఎదురొస్తారు. టూరిస్టుల కోసం కట్టిన కార్యక్రమాలవి, మనిషికి యాభై యూరోల పైమాటే. ముగ్గురికి కలిపితే మీ టికెట్ల బడ్జెట్‌లో సగానికి పైగా ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. నవ్వి, వద్దని చెప్పి ముందుకి నడవండి.

మీరు వెళ్లాల్సింది 1869లో తెరిచిన స్టేట్ ఒపేరా అనే సంగీత నాటకశాలకి, అదీ నిలబడి చూసే టికెట్ మీద. ప్రదర్శన రోజునే అమ్మే ఆ టికెట్ ఇరవై యూరోల లోపే ఉంటుంది. లోపలికి వెళ్లాక మీ చోటుకి ఎదురుగా ఉన్న కమ్మీకి ఒక స్కార్ఫ్ కట్టేస్తే ఆ చోటు మీదే. విరామంలో బయటికెళ్లి వచ్చినా ఎవరూ జరపరు, అదక్కడి మర్యాద. అదే కమ్మీ మీద చిన్న తెర ఉంటుంది, పాడుతున్న మాటలు ఇంగ్లీషులో కనిపిస్తాయి. వందల యూరోలు పెట్టి కింద కూర్చున్నవాళ్లు వినేదీ ఇదే ఆర్కెస్ట్రాని. మూడు గంటలు నిలబడటం పాపకి కష్టమే, విరామానికి ఇంటికి వచ్చేసినా తప్పు లేదు. మీరు మాత్రం రెండో సాయంత్రం ఒక్కరే వెళ్లి చివరిదాకా ఉండండి. ఆ సాయంత్రం పాప వాళ్ల నాన్న దగ్గర ఉంటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఊరి నుంచి వయొలిన్ వినడానికి అంత దూరం వెళ్తున్న మనిషి ఆ సాయంత్రాన్ని సగంలో వదులుకోకూడదు. 1870లో తెరిచిన మ్యూజిక్‌ఫెరైన్ బంగారు హాలులోనూ నిలబడి వినే టికెట్లు ఉంటాయి, కార్యక్రమం చూసుకుని రెండింట్లో ఏది నచ్చితే అది.

అక్కడి మ్యూజిక్ యూనివర్సిటీ విద్యార్థుల కచేరీల్లో చాలావాటికి ప్రవేశం ఉచితం. నేర్చుకునే దశలో ఉన్న పిల్లలు ఎలా వాయిస్తారో వినడం ఒక గురువుగా మీకు ఒపేరా కన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. వెళ్లే వారం ముందు వాళ్ల క్యాలెండర్ చూసి రెండు గుర్తు పెట్టుకోండి. హోఫ్‌బుర్గ్ కోటలోని నోయె బుర్గ్ భాగంలో పాత వాద్యాల మ్యూజియం ఉంది. పదిహేడో శతాబ్దపు టిరోల్ వయొలిన్ శిల్పి యాకొబ్ ష్టైనర్ చేసిన వాద్యాలని అక్కడ చూడొచ్చు. ఆస్ట్రియా ప్రభుత్వ మ్యూజియాల్లో 19 ఏళ్లలోపు వాళ్లకి టికెట్ లేదు కాబట్టి పాపకి ఖర్చుండదు. క్లిమ్ట్ 'ముద్దు' చిత్రం ఉన్న బెల్వెడేర్‌లోనూ, బ్రూగెల్ చిత్రాలున్న కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలోనూ అంతే. ఆరు రోజుల్లో రెండు పెద్ద మ్యూజియాలు చాలు. మూడోది కావాలంటే కార్ల్స్‌ప్లాట్స్‌లోని వీన్ మ్యూజియంకి వెళ్లండి, నగర చరిత్ర చెప్పే శాశ్వత ప్రదర్శన అందరికీ ఉచితం.

71 నంబరు ట్రామ్ ఎక్కితే సెంట్రల్ శ్మశానవాటికకి తీసుకెళ్తుంది. స్వరకర్తలు బేతోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు ఒకే మూలన ఉంటాయి. బేతోవెన్ చనిపోయింది 1827 మార్చి 26న. మీరు వెళ్లే నెలలోనే రెండొందల ఏళ్లు నిండుతున్నాయి. ప్రవేశం ఉచితం, ఊళ్లో తిరగడానికి తీసుకునే ఏడు రోజుల పాస్ ఈ ట్రామ్‌కీ చెల్లుతుంది.

షోన్‌బ్రున్ తోటలు కూడా ఉచితమే. రాజభవనం లోపలికి టికెట్ ఒకసారి కొనుక్కోండి, ఆరేళ్ల మోజార్ట్ 1762లో మహారాణి మరియా తెరిసా ఎదుట వాయించింది అక్కడే. ఫోల్క్స్‌గార్టెన్ తోటలో గులాబీ మొక్కలకి చలికాలమంతా గోనె సంచులు తొడిగి, మూతి తాడుతో కట్టి ఉంచుతారు. మార్చి మధ్యలో వెళ్తే వరసలు వరసలుగా ఆ సంచులే కనిపించవచ్చు. గులాబీల కోసమైతే జూన్‌లో వెళ్లాలి, అప్పుడు విమానానికీ గదికీ ఎక్కువ పెట్టాలి. నేనైతే ఆ తేడాని ఒపేరాకే పెడతాను.

నీళ్ల సీసాలు కొనకండి. ఆల్ప్స్ కొండల ఊటల నుంచి 1873లో వేసిన గొట్టాల్లో ఇప్పటికీ కుళాయికి నీళ్లొస్తాయి. ముగ్గురికి రోజుకి రెండు మూడు సీసాలు లెక్కేసినా వారంలో మిగిలే డబ్బు ఒక ఒపేరా టికెట్‌కి సరిపోతుంది. పాత కాఫీ హౌస్‌లో ఒక్కసారి తప్పకుండా కూర్చోండి. మెలాంజ్ అని అడిగితే చిన్న పళ్లెంలో పాల కాఫీ, పక్కనే గ్లాసు మంచినీళ్లు పెడతారు, గంటలు కూర్చున్నా లేవమనరు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ప్రత్యేక ఎక్స్‌ప్రెస్ అవసరం లేదు, ప్రభుత్వ రైల్వే మామూలు రైలు పెద్ద స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌కి పావుగంటలో చేరుస్తుంది.

వీసా దగ్గర తొందర పడితే డబ్బు పోతుంది. చాలా యూరప్ దేశాలకి కలిపి చెల్లే షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి 45. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. నవంబరులో పెట్టండి. కనీసం 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదే బుక్ చేయండి, విమానం టికెట్‌కీ అదే నియమం. ఖాతాలో ఎక్కువ కనిపించాలని చుట్టాల దగ్గర తెచ్చి వేయకండి. మూడు నెలల స్టేట్‌మెంట్‌లో హఠాత్తుగా పడ్డ పెద్ద మొత్తం అనుమానం పెంచుతుంది. మీ ఎఫ్‌డీ రసీదు, మీవారి ఐటీ రిటర్నులు చూపిస్తే చాలు, ఎఫ్‌డీని కదపనక్కర్లేదు.

పన్ను సంగతి రెండు ముక్కల్లో. విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే పట్టుకునే ఆదాయపన్ను) వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. విమానం, గది మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కాదు. ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకునే డబ్బుకి కూడా ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్. మీవారి ఆఫీసులో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) పెట్టొచ్చేమో అని ఆశపడకండి, ఆ మినహాయింపు దేశం లోపలి ప్రయాణానికే.

గది, తిండి, తిరుగుడు, టికెట్లు కలిపి అక్కడ మీకు పట్టేది 1,500 యూరోలు. వాటిని ఒకే రోజు కొనకుండా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు విడతలుగా ఫారెక్స్ కార్డులో వేసుకోండి, రేటు ఒడిదుడుకులు సర్దుకుంటాయి. చేతిలో రెండొందల యూరోల నోట్లు ఉంచుకోండి, చిన్న కాఫీ హౌస్‌లు, సంతలు ఇప్పటికీ నగదే ఇష్టపడతాయి. మీ మామూలు క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తే, మెషిన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడుగుతుంది. ప్రతిసారీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టమొచ్చిన రేటు పడుతుంది.

మీవారి మాట మిగిలింది. ఒక్క దేశమే చూశామన్న లోటు ఆయనకి ఉండకూడదంటే ఒక పూట బ్రాటిస్లావా వెళ్లి రండి. స్లొవేకియా రాజధాని, వియన్నా నుంచి రైల్లో గంట ప్రయాణం. అదే వీసా, అదే యూరో. డాన్యూబ్ ఒడ్డున కొండ మీద కోట, పాత ఊరి సందులు చూసుకుని రాత్రి భోజనానికి గదికి వచ్చేయొచ్చు. ముగ్గురి పాస్‌పోర్టులూ వెంట ఉంచుకోండి. ఆ ఖర్చు, మనం పక్కన పెట్టిన 38 వేల నుంచి తీయండి.