చెల్లికి, ట్రాలీ కొనే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి,

అక్క ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు ట్రాలీ మాట ఎత్తావు, నేను అందుకున్నాను, ఇంతలో మీ ఇంటికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. మళ్ళీ ఫోన్ చేస్తే సగం చెప్పి సగం మర్చిపోతానని కాగితం మీద రాసి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు. మరిదిగారికి కూడా చూపించు, చక్రాల సంగతి ఆయనకే ఎక్కువ పనికొస్తుంది.

అబ్బాయి పంపిన బొమ్మ చూశాను. మూడు అరలు, తెల్లరంగు, కింద నాలుగు చక్రాలు. ముచ్చటగానే ఉంది. నాకు గుబులు పుట్టించింది నువ్వన్న మాట. "వాకర్ తీసేశాక దీన్నే పట్టుకుని ఇల్లంతా తిరిగేస్తాలే అక్కా, చేతికర్ర కూడా అక్కర్లేదు" అన్నావే, ఆ పని మాత్రం చచ్చినా చేయకు. వాకర్ మీద బరువు వేస్తే అది నేలను పట్టుకుంటుంది. ట్రాలీ మీద బరువు వేస్తే ముందుకు జారిపోతుంది, నువ్వు దాని వెనకే పోతావు. మోకాలు మార్పించుకుని మూడు వారాలు కూడా కాలేదు. నర్సుగా వార్డులో ఇలా మంచం పక్క బల్లను ఊతం అనుకుని పట్టుకుని పడ్డవాళ్ళను ఎంతమందిని లేపానో నాకే తెలుసు. చేతి బ్రేకులతో నడక కోసమే చేసిన బండ్లు వేరే ఉన్నాయి. అవి కావాలో వద్దో, ఎప్పుడు కావాలో ఆ ఫిజియో అమ్మాయి చెప్పాలి. ఈ తెల్లబండి సామాను మోస్తుంది, అంతే.

మరి ఇప్పుడెందుకు కొనడం అంటావా? వాకర్ పట్టుకుంటే రెండు చేతులూ అయిపోతాయి. వంటింట్లో కాఫీ కలుపుకుంటావు, గ్లాసు హాల్లోకి ఎలా తెచ్చుకుంటావు? అందుకని పొద్దున్నే ఎవరో ఒకరు ట్రాలీ సర్ది నీ కుర్చీ పక్కకు తోసిపెట్టాలి. మరిదిగారు గానీ కోడలు గానీ ఆ ఒక్క పని చేసి ఆఫీసుకి పోతే, సాయంత్రం దాకా మంచినీళ్ళ కోసం, కళ్ళజోడు కోసం నువ్వు కేకలు వేయక్కర్లేదు. ఫోను మాత్రం ట్రాలీ మీద వద్దు. వాకర్‌కి చిన్న గుడ్డసంచి కట్టించుకుని అందులో వేసుకో. పడితే చేతికి అందాల్సింది అదే. ఇంకోమాట, అన్నీ పక్కనే ఉన్నాయి కదా అని కుర్చీకి అతుక్కుపోకు. చెప్పిన నడక చెప్పినట్టు నడవాల్సిందే.

సర్దడం గురించి చెప్తా విను. ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో కట్లు కట్టే సామాను బండి, అదే డ్రెస్సింగ్ ట్రాలీ, తోసిన చేతులివి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మా సీనియర్ సిస్టర్ నేర్పిన పద్ధతి, పై అర శుభ్రమైన వాటికి, కింది అర వాడేసిన వాటికి. పైన దూది, కట్టుగుడ్డలు, ఫోర్సెప్స్ అనే పట్టకార్లు. కింద కిడ్నీ ట్రే అనే వంపు గిన్నె, విప్పేసిన కట్లు వేసే బకెట్టు. కిందివి పైకి రాకూడదు. పేషెంటు మంచం దగ్గరికి పోకముందే కావలసినవన్నీ బండి మీద ఉన్నాయా అని ఒకసారి వేలితో లెక్కపెట్టుకోవాలి. పుండు విప్పి పెట్టి కత్తెర కోసం వెనక్కి పరుగెత్తితే ఆవిడ ఒక్క చూపు చూసేది, ఆ రోజంతా అన్నం దిగేది కాదు. పని అయ్యాక బండి ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ సర్దితేనే మా డ్యూటీ అయినట్టు. ఇంట్లో వాళ్ళెవరూ ఈ చివరిది చేయరు. అందుకే అందరిళ్ళలోనూ ట్రాలీ నెల తిరిగేసరికి చక్రాలున్న అటక అయిపోతుంది. పాత బ్యాటరీలు, పెళ్ళి శుభలేఖలు, మూతలేని డబ్బాలు, డబ్బాలేని మూతలు. మా కోడలి ట్రాలీలో పోయిన దీపావళి మతాబా ఒకటి దొరికింది మొన్న.

నీ బండి పై అరలో ఫ్లాస్కు, గ్లాసు, ఆ పూటకి వేసుకోవాల్సిన మాత్రలు. ఆ పూటవి మాత్రమే. మందుల పెట్టె మొత్తం తెచ్చి పెట్టొద్దు. మరిదిగారి బీపీ మాత్రలు, నీ నొప్పి మాత్రలు పక్కపక్కన ఉంటే మధ్యాహ్నం నిద్రమత్తులో ఏది ఎవరిదో తెలియదు. స్ట్రిప్పులోంచి ముందే ఒలిచి గిన్నెలో వేసుకునే అలవాటు నీకుంది, అది మానెయ్. ఆయన ఇన్సులిన్ కొత్త పెన్నులు ఫ్రిజ్‌లోంచి కదలకూడదు, బండి మీద అందంగా ఉంటాయని పెట్టకండి. మధ్య అరలో కళ్ళజోడు, పేపరు, ఛార్జరు, మోకాలికి ఐసు పెట్టుకునే సంచి, దాని కింద చుట్టే తువ్వాలు. కింది అర నువ్వు వంగి అందుకునేది కాదు, ఇప్పుడసలు వంగకూడదు. తాగేసిన గ్లాసులు, చెత్త బుట్ట లాంటివి అందులో ఉంటే వచ్చినవాళ్ళు తీసుకుపోతారు. వేళ కాని వేళ అవసరం పడుతుందని బెడ్‌ప్యాన్ కూడా దాని మీదే పెడదామని కోడలు అందిట. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. తిండి పెట్టే బండి మీద అదేమిటి! మంచం కింద వేరే పెట్టించు.

ఇక కొనడం. అందరూ రంగు చూస్తారు, అరలు లెక్కపెడతారు. నువ్వు చక్రం చూడు. బొటనవేలంత చక్రం ఉంటే కొట్లో గచ్చు మీద బాగానే జారుతుంది, ఇంటికి తెచ్చాక టైల్స్ మధ్య గీతల మీద కూడా టకటకమని కొట్టుకుంటుంది, పట్టా అంచు దగ్గర ఆగిపోతుంది. 3 అంగుళాల చక్రం దొరికితే తీసుకో, 2 అంగుళాలకి తక్కువ ఉంటే వద్దను. గట్టి ప్లాస్టిక్ చక్రం చప్పుడు చేస్తుంది, మీ నున్నటి టైల్స్ మీద బ్రేకు వేసినా జారుతుంది. పైన రబ్బరు పూత ఉన్నది పట్టుకుంటుంది. ఈ ఆన్‌లైన్ బొమ్మల్లో ఇవేవీ కనపడవు. వీలైతే అబ్బాయిని కొట్టుకి వెళ్ళి ఒక్కసారి తోసి చూడమను. ఖాళీగా కాదు, నాలుగైదు కిలోలు పెట్టి తోయాలి. అప్పుడే ఊగేది ఏదో ఊగనిది ఏదో తెలుస్తుంది. పిడి కూడా చూడమను, నడుముకీ మోచేతికీ మధ్య ఎత్తులో ఉంటే తోయడం సుఖం. అంతకన్నా కిందుంటే నడుం వంగిపోతుంది.

బ్రేకులు కనీసం రెండు చక్రాలకైనా ఉండాలి. అన్నిటికీ కాలితో నొక్కేవే ఉంటాయి. నువ్వు నిలబడి నొక్కబోకు. నొక్కాలంటే ఒంటికాలి మీద నిలబడాలి, అది ఇప్పట్లో నీకు కుదరని పని. కుర్చీలో కూర్చుని, మంచి కాలితో నొక్కు. లేదా బండి తెచ్చినవాళ్ళే బ్రేకు వేసి పోవాలి అని ఇంట్లో ఒక రూలు పెట్టు. బ్రేకు ఉన్న రెండు చక్రాలూ నీ వైపు ఉండేలా బిగించమని అబ్బాయికి చెప్పు. బిగించేటప్పుడు స్క్రూలు ఒక్కొక్కటీ పూర్తిగా తిప్పేయకూడదు. అన్నీ సగం సగం పట్టించి, బండి నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలిచాక గట్టిగా బిగించాలి. వారం వాడాక ఇంకోసారి.

కొలతలు నువ్వు కూర్చున్న చోట నుంచే పురమాయించు. వంటింటి తలుపు సందు, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఖాళీ, నీ మంచం పక్కన ఖాళీ. ట్రాలీ వెడల్పు చూసి ఊరుకోకు, నువ్వు వాకర్‌తో వెళ్ళే దారిలో అది అడ్డం రాకూడదు. రాత్రి బాత్రూముకి లేచినప్పుడు చీకట్లో దానికి తగిలితే అంతే సంగతులు. పడుకోబోయే ముందు దాన్ని గోడకి చేర్చి బ్రేకు వేసేయాలి.

మీ ఫ్లాటులో వీధి గుమ్మానికీ పూజగదికీ తప్ప గడపలు లేవు, అదృష్టవంతురాలివి. మా ఇంట్లో గదికో గడప. పోయిన సంక్రాంతికి ఏమయిందో నీకు చెప్పలేదు, చెప్తే నవ్వుతావని. పదిమంది భోజనానికి వచ్చారు. పప్పుచారు గిన్నె నిండా పెట్టి, పై అరలో ఎక్కించి, రాణీగారిలా తోసుకొస్తున్నా. హాలు గడప దగ్గర ముందు చక్రం ఆగింది, నేను ఆగలేదు. గిన్నె జారి సగం నేల మీద, కొంత నా పాదం మీద. నర్సుని కనక వెంటనే వెళ్ళి కుళాయి కింద 20 నిమిషాలు కాలు పెట్టుకుని నిలబడ్డా. చుట్టాలు వచ్చి "ఏం వదినా, చారు అయిందా" అని అడుగుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచి మూత లేనిదీ, పొగలు కక్కేదీ నా బండి ఎక్కదు. వెలిగించిన దీపం అసలే ఎక్కదు. నువ్వు వరలక్ష్మీ వ్రతానికి సామానంతా ఒక్కసారి పూజగది దాకా తెచ్చుకోవచ్చు, పసుపు, కుంకుమ, పళ్ళు, తోరాలు, కలశం చెంబు, బాగానే ఉంటుంది. గడప ఇవతలే ఆపి, అందించే మనిషిని పెట్టుకో.

మీ బాల్కనీకి జరిపే తలుపు ఉంది కదా, దాని కింద అల్యూమినియం పట్టా కూడా గడప లాంటిదే. బట్టలారేయడానికి ట్రాలీ అటు తోయాలని చూడకు. బాల్కనీలోనే ఒక ఎత్తు స్టూలు వేయించి, తడి బట్టల బకెట్టు దాని మీద పెట్టించుకో. వంగే పని తప్పుతుంది.

నాకు బాగా నచ్చిన ఉపయోగం ఒకటి చెప్పాలి. కత్తిపీట ముందు నేల మీద కూర్చునే రోజులు నీకు ప్రస్తుతానికి లేవు. చాకూ, బల్ల అలవాటు చేసుకో. తోటకూర, చిక్కుళ్ళు, పెద్ద గిన్నె అన్నీ బండి మీద హాల్లోకి వస్తాయి, నువ్వు ఎత్తు కుర్చీలో కూర్చుని సీరియల్ చూస్తూ వలుచుకోవచ్చు. తొక్కలూ ఈనెలూ మధ్య అర బుట్టలోకి. వలిచినవి అదే బండి మీద వంటింట్లోకి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి "నేనేం పని చేయడం లేదు" అని ఏడుస్తున్నావట, మరిదిగారు చెప్పారు. చిక్కుడుకాయలు ఒలవడం పని కాదా?

బరువు సంగతి. అరకి ఎంత, మొత్తం ఎంత అని పెట్టె మీద రాసి ఉంటుంది, ఆ కాగితం పారేయకండి. బరువైనవి ఎప్పుడూ కింద, తేలికవి పైన. తిరగేస్తే బండి తలకిందులవుతుంది. 20 లీటర్ల నీళ్ళ క్యాను, 25 కిలోల బియ్యం బస్తా, ఇలాంటివి ఈ ట్రాలీ పని కాదు. వాటికి కింద పెట్టే చక్రాల స్టాండ్లు వేరే, హార్డ్‌వేర్ కొట్లో అడిగితే ఇస్తారు. గ్యాస్ బండకి కూడా గుండ్రటి స్టాండు ఉంటుంది. లోపల గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ మరో 15, 16 ఉంటుంది, కాబట్టి ఏదో పల్చటి ప్లాస్టిక్‌ది కొనొద్దు. అది వేయించాక బండను తుడవడానికి లాగినప్పుడు రెగ్యులేటరు ఆపేసి లాగాలి, రబ్బరు పైపు సాగకూడదు.

మీ మనవడు వచ్చాడంటే దీన్ని రైలు చేస్తాడు. కింది అర మెట్టు అనుకుని ఎక్కేస్తాడు, బండి వాడి మీద పడుతుంది. వాడున్న రెండు రోజులూ ఖాళీ చేసి గదిలో పెట్టి తలుపేసెయ్యండి, ఆ టెన్షన్ వద్దు.

నెలకోసారి తిరగేసి చక్రాలు చూడమను. ఆడవాళ్ళున్న ఇల్లు, ఇరుసుకి వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. చిన్న కత్తెరతో కోసి లాగేసి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె వేయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. మా కాకినాడ సముద్రపు గాలికి ఇనుప ట్రాలీ రంగు లేచినచోటల్లా తుప్పు పట్టింది, మీ హైదరాబాదులో ఆ బాధ తక్కువ. అయినా తడిగుడ్డతో తుడిచాక పొడిగుడ్డ వేయించు.

నాకు గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి వచ్చే శుక్రవారం టికెట్టు వెయిటింగ్‌లో ఉంది. అది ఖాయం అయితే శనివారం పొద్దున్నే మీ ఇంట్లో ఉంటా. అప్పటిదాకా అబ్బాయిని ఆర్డరు పెట్టొద్దని చెప్పు. కొలిచే టేపు నేనే తెస్తున్నా, పూతరేకులు కూడా. అవి మరిదిగారికి కనపడకుండా మధ్య అరలో దాచుకుందువుగాని.

ఉంటాను,
మీ అక్క